మా గూడేనికి టవర్ వస్తుందట, గ్రామసభ తీర్మానంలో ఏం రాయించాలి?

గుట్టెక్కే డీలరమ్మ (ములుగు జిల్లా)

అందరికీ నమస్తే. మాది ఏటూరునాగారం ఏజెన్సీలో వాగు అవతలి గూడెం. ఊరి పేరు రాయను, రాస్తే రేపు ఆఫీసులో నన్నే నిలబెట్టి అడుగుతారు. మా మహిళా సంఘం పేరు మీద రేషన్ షాపు ఉంది, నడిపేది నేను.

షాపులో బియ్యం ఉంటాయి, సిగ్నల్ ఉండదు. సిగ్నల్ ఉన్న చోటికి బియ్యం మోయలేం. అందుకని నెలలో నాలుగైదు రోజులు ఈ-పాస్ మిషన్ సంచిలో వేసుకుని ఊరి వెనక గుట్ట ఎక్కుతాం. అరగంట నడక. పైన ఒక ఇప్ప చెట్టుంది. దానికి మా మరిది వెదురు గడ కట్టాడు. గడ కొసకు ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో హాట్‌స్పాట్ పెట్టిన నా ఫోన్. జెండా ఎగరేసినట్టు తాడుతో పైకి లాగితే రెండు గీతలు వస్తాయి. గాలి గట్టిగా వీస్తే ఒకటే. చెట్టు కింద నేను మిషన్ పట్టుకుని కూర్చుంటే కార్డున్నవాళ్ళు ఒక్కొక్కరు వచ్చి వేలు పెడతారు. చీటీ వచ్చినవాళ్ళు మళ్ళీ కిందికి దిగి షాపు దగ్గర తూకం వేయించుకోవాలి. కాంటా దగ్గర మా ఆడబిడ్డ ఉంటుంది.

ముసలవ్వలను మనుమలు వీపున ఎక్కించుకొస్తారు. తీరా వచ్చాక వేలు పడదు. మిరప తోటల్లో పనిచేసిన చేతులు, గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలు పడకపోతే ఓటీపీ. ఆ ఓటీపీ పోయేదేమో కింద ఇంట్లో చూరుకు వేలాడుతున్న ఫోన్‌కు. ఎవరో ఒక పిల్లవాడు ఉరికి ఫోన్ పట్టుకొచ్చేసరికి దాని టైం అయిపోతుంది. నిరుడు జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడైతే ఒక్కో కార్డుకు మళ్ళీ మళ్ళీ వేలు పెట్టాల్సి వచ్చింది. మూడు రోజులు గుట్ట మీదే వండుకుని తిన్నాం.

ఇప్పుడు సంగతి. పోయిన నెల ఒక సార్ వచ్చి మీ ఊరికి టవర్ మంజూరయ్యేటట్టుంది, గ్రామసభ పెట్టి జాగా తీర్మానం ఇవ్వండి అన్నాడు. జాగా సర్కారుదట. డబ్బు ఢిల్లీ ఫండుదట. టవర్ నిలబెట్టేది ఒక కంపెనీ, లోపలి మిషన్లు ఇంకో కంపెనీవి, చూసుకునేది కాంట్రాక్టరు. "దీన్నే పీపీపీ అంటారమ్మా, సర్కారు, ప్రైవేటు కలిసి చేసుడు" అన్నాడు. నేను లేచి, పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి సార్ అని అడిగాను. "టవర్ పాడైతే ఫోన్ ఎట్లా చేస్తవమ్మా" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే మా పంచాయతీ ఆఫీసులో గోడకు ఇంటర్నెట్ డబ్బా ఒకటి ఇప్పటికే ఉంది. నల్లా పైపుల కందకంలోనే దాని కేబుల్ గొట్టం కూడా వేశారు. నల్లాలో నీళ్ళు వచ్చాయి. డబ్బాలో లైటు మాత్రం వెలగలేదు. ఇప్పుడు దాని మీద హాజరు రిజిస్టర్ పెడుతున్నారు.

ఇంకోటి. టవర్ మాట ఊళ్ళో పాకిందో లేదో మా పెద్దకాకకు ఎవరో ఫోన్ చేశారు. మీ పోడు చేనులో టవర్ పెడతాం, నెలకు 25 వేలు అద్దె, 20 లక్షలు అడ్వాన్సు, ముందుగా ఫీజు కింద 4,200 పంపండి అని. ఆయన మేకను అమ్మే ఆలోచనలో ఉన్నాడు.

తీర్మానంలో ఏం రాయించాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ఉత్త "జాగా ఇస్తున్నాము" అని సంతకాలు పెట్టాలని లేదు. వచ్చే శుక్రవారమే సభ.

పాత ఫోన్ మెకానిక్ (హనుమకొండ)

బిడ్డా, ముందు మీ పెద్దకాకను ఆపు. మేకను కట్టేసెయ్యమను. టవర్ పెట్టే కంపెనీ జాగా ఇచ్చేవాని దగ్గర ఫీజు తీసుకోదు, వాళ్ళే అద్దె ఇస్తారు. ట్రాయ్ (ఫోన్ కంపెనీల మీద నియంత్రణ సంస్థ), టెలికాం శాఖ ఈ మోసం గురించి ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాయి, టవర్ల అద్దె వ్యవహారంలో తాము ఉండమని, ఎవరికీ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఇవ్వమని. ఆ నంబర్‌ను టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చక్షు అనే చోట రాయండి. డబ్బు పోయి ఉంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేయండి.

ఇక నీ అసలు ప్రశ్న. పాడైతే ఎవరికి చెప్పాలి అన్నావు చూడు, నేను ముప్పై ఏళ్ళకు పైగా ఫోన్ల పని చేశాను, దానికి జవాబు దొరకకుండానే రిటైరయ్యాను. అప్పట్లో ములుగు, ఏటూరునాగారం, మంగపేట అన్నీ మా వరంగల్ కిందే. 1994 టెలికాం పాలసీలో 1997 కల్లా దేశంలో ప్రతి ఊరికీ ఫోన్ అని రాశారు. 1999లో ఇంకో పాలసీ వచ్చేనాటికి ఫోన్ లేని ఊళ్ళు దాదాపు 2.9 లక్షలు మిగిలే ఉన్నాయి. వాటికి 2002 గడువు పెట్టారు.

అడవి ఊళ్ళకు స్తంభాలు పాతి తీగ లాగడం కాని పని. రాగి తీగను రాత్రికి రాత్రి కోసుకుపోతారు. అందుకని ఎంఏఆర్ఆర్ అని రేడియో ఫోన్లు తెచ్చారు. ఎక్స్ఛేంజి దగ్గర ఒక టవర్, ఊళ్ళో సర్పంచ్ ఇంటి మీద ఇనుప గొట్టానికి చేపముల్లు లాంటి యాంటెన్నా, కింద ఒక డబ్బా, దానికి బ్యాటరీ, బ్యాటరీకి సోలార్ పలక. రెండు ఛానళ్ళు, పదిహేను ఊళ్ళు. అంటే రెండు ఊళ్ళవాళ్ళు మాట్లాడుతుంటే మిగతా పదమూడు ఊళ్ళకు లైను లేనట్టే. అయినా వచ్చిన కొత్తలో జనం పండగ చేసుకున్నారు.

ఒక ఊళ్ళో ఫోన్ పనిచేయట్లేదని కార్డు రాశారు. ఫోన్ పాడైందని పోస్టు కార్డు! నేను రాజ్‌దూత్ బండి వాగు ఒడ్డున పెట్టి, టూల్ బ్యాగు నెత్తిన పెట్టుకుని అవతలికి పోయాను. యాంటెన్నా బాగుంది, డబ్బా బాగుంది, సోలార్ పలక మీద మిరపకాయలు ఎండబోశారు. బ్యాటరీ లేదు. అడిగితే సర్పంచ్ భార్య ఏమీ దాచలేదు, "ట్రాక్టరుకు పెట్టినం సారూ, నాట్లు అయినంక తెస్తం" అంది. ఆమె మీద కోపం రాలేదు నాకు. నెలకు నాలుగు ఫోన్లు పోయే డబ్బాకన్నా నాట్ల ముందు ట్రాక్టరే అవసరం. ఆ ఫోన్‌ను చూసుకున్నందుకు ఆమెకు దక్కేది ఏముంది?

తర్వాత దేశం మొత్తం మీద ఇట్లాంటి ఎంఏఆర్ఆర్ ఫోన్లు లక్షా 80 వేలకు పైగా పీకి వేరే రకం పెట్టాల్సి వచ్చింది. దానికి డబ్బు ఇచ్చింది యూఎస్ఓ ఫండ్, అంటే పల్లెలకు ఫోన్ అందించడానికి కేంద్రం పెట్టిన నిధి. మీ సార్ చెప్పిన ఢిల్లీ ఫండు అదే. 2002 ఏప్రిల్ నుంచి ఉంది, 2003లో చట్టం సవరించి గట్టి చేశారు, 2023 టెలికాం చట్టంతో పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. అది ఎవరి ధర్మమూ కాదు బిడ్డా. ప్రతి టెలికాం కంపెనీ తన ఆదాయంలో 8 శాతం లైసెన్సు ఫీజు కడుతుంది, అందులో 5 శాతం ఈ ఫండుకే. అంటే గుట్ట మీద నువ్వు చేయించుకునే రీచార్జిలో మీ ఊరి టవర్ పైసలు కూడా ఉన్నాయి. సభలో ఎవరన్నా "సర్కారు ఉచితంగా ఇస్తుంటే ఇన్ని షరతులా" అంటే ఈ మాట చెప్పు.

ప్రైవేటువాళ్ళ సంగతీ చూశాం. బేసిక్ ఫోన్ల (ఇంటి ల్యాండ్‌లైన్ల) లైసెన్సు తీసుకునేటప్పుడు నూటికి పది లైన్లు పల్లెల్లో ఇస్తామని రాసిచ్చారు. ఆ పది ఇవ్వడం కన్నా జరిమానా కట్టుకోవడం చవక అనుకున్నారు.

ఇప్పుడు మీకు వచ్చేది 2022 జులైలో కేంద్రం ఒప్పుకున్న 4జీ పథకం కావచ్చు. 24,680 ఊళ్ళు, 26,316 కోట్లు. పని బీఎస్ఎన్ఎల్‌ది. అందులో నువ్వు పట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది. ఆ డబ్బులో టవర్ కట్టే ఖర్చుతో పాటు ఐదేళ్ళు నడిపే ఖర్చు కూడా ఉంది. ఆరో ఏడు ఎవరు బ్యాటరీ మారుస్తారో ఇప్పుడే కాగితం మీద అడగండి. నన్నడిగితే తీర్మానంలో టవర్ గురించి రెండు లైన్లు రాసి, మిగతా పేజీ అంతా బ్యాటరీ గురించి రాయించు.

జాతర బండి (తాడ్వాయి)

మేడారానికి మొన్న కూడా లారీల మీద టవర్లు వచ్చినయ్. కోటి మంది వీడియో కాల్స్ మాట్లాడుకున్నరు. అమ్మవార్లు వనప్రవేశం చేసిన మరునాడే లారీలు కూడా రిటర్న్. అక్కా, తీర్మానంలో "మా ఊళ్ళో ప్రతి నెలా జాతర జరుపుటకు" అని రాయించు, వెంటనే వస్తది సిగ్నల్ 😀

గోదారొడ్డు పిల్లగాడు (మహాదేవపూర్ వైపు)

అక్కా, మా ఊరికి టవర్ వచ్చి ఏడాదిన్నర అవుతోంది. సార్లు చెప్పనివి నేను చెప్తాను.

ఒకటి, మా దగ్గర పెట్టింది 4జీ మాత్రమే. బటన్ల ఫోన్లు ఉన్న ముసలివాళ్ళకు టవర్ కిందే నిలబడ్డా సిగ్నల్ రాలేదు. అవి 2జీ ఫోన్లు. ఊళ్ళో సగం మందివి అవే. మా నానమ్మ టవర్‌ను చూసి "దీనికి మనం నచ్చలేదురా" అంది. 4జీ బటన్ ఫోన్ కొనిచ్చాక సరిపోయింది గానీ ఆ డబ్బు ఎవరూ ఇవ్వలేదు. మీకు 2జీ కూడా వస్తుందా అని ముందే అడుగు.

టచ్ ఫోన్లలో కూడా తేడాలున్నాయి. బీఎస్ఎన్ఎల్ 4జీ కొన్ని చోట్ల 700 మెగాహెర్ట్జ్ మీద, కొన్ని చోట్ల 2100 మీద నడుస్తుంది. 700 అడవిలో బాగా దూరం పోతుంది, కానీ ఫోన్‌లో బ్యాండ్ 28 అనేది ఉండాలి. పాత ఫోన్లలో, చవక ఫోన్లలో అది ఉండకపోవచ్చు. నీ మిషన్‌లో ఉందో లేదో మొదలు అది చూడు. టవర్ వచ్చి, మిషన్‌కు అందకపోతే మళ్ళీ గుట్టే.

ప్రైవేటు సిమ్ సంగతి. 2025 జనవరిలో కేంద్రం ఒకటి మొదలుపెట్టింది, ఈ ఫండు డబ్బుతో కట్టిన 4జీ టవర్ల దగ్గర బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ ఎవరి సిమ్ ఉన్నా ఎవరి టవర్ అయినా వాడుకోవచ్చు. దాదాపు 27 వేల టవర్లు అన్నారు. మా దగ్గర ఫోన్‌లో రోమింగ్ ఆన్ చేస్తేనే పట్టింది. అది తెలియక రెండు నెలలు తిట్టుకున్నాం.

కరెంటు: మాది సోలార్. ఎండాకాలం రాజాలాగా నడుస్తుంది. ముసురు పట్టి మూడు రోజులు సూర్యుడు కనిపించకపోతే నాలుగో రోజు పొద్దున ఫోన్లు చచ్చిపోతాయి. వరద వచ్చేది కూడా సరిగ్గా ఆ నాలుగో రోజే. చూసుకోవడానికి ఊరి అబ్బాయినే పెట్టారు, మంచిగా చేశాడు. పలకలు తుడిచేవాడు, చుట్టూ గడ్డి కోసేవాడు. కాంట్రాక్టరు జీతం ఆపేసరికి మానేసి మిరప కూలీకి పోయాడు. తాళంచెవి ఇంకా వాళ్ళ ఇంట్లోనే ఉంది.

ములుగు వకీలు

జాగా విషయంలో తొందరపడొద్దు. మూడు సంగతులు.

మీ పెద్దకాకది పోడు పట్టా అయితే, మోసగాళ్ళు కాదు, నిజమైన కంపెనీ వచ్చినా ఇవ్వడం కుదరదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు పోతుంది తప్ప ఇంకొకరికి బదిలీ చేయరాదు. మామూలు పట్టా అయినా ఏజెన్సీలో 1/70 అనే భూ బదిలీ నిషేధ చట్టం ఉంది. అమ్మకమే కాదు, గిరిజనేతరులకు లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. కంపెనీ గిరిజనుడు కాదు కదా. సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమతా తీర్పు తర్వాత ఈ విషయంలో వాదనకు పెద్దగా చోటు లేదు. కాబట్టి సర్కారు జాగా అన్నమాట మీకు మంచిదే.

ఆ సర్కారు జాగా అడవిలో ఉంటే అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూడండి. ఊరి అవసరాలకు, అంటే బడి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, విద్యుత్, టెలికాం లైన్లు వగైరా పదమూడు పనులకు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. చాలామంది గ్రామసభను ఫోటో దిగే కార్యక్రమం అనుకుంటారు. ఇక్కడ మాత్రం మీ తీర్మానం లేకుండా ఫైలు కదలదు. షరతులు పెట్టే బలం మీకు అక్కడే ఉంది, సంతకం పెట్టాక ఉండదు.

మూడోది చిక్కు. స్థలం ఏటూరునాగారం అభయారణ్యం హద్దు లోపల పడితే వన్యప్రాణి చట్టం అనుమతులు వేరు, అవి ఢిల్లీ దాకా పోతాయి. గుట్ట మీద సిగ్నల్ బాగుంటుంది కదా అని అక్కడే చూపించకండి. ముందు సర్వేయర్‌తో హద్దు చూపించుకోండి. ఊరి ఇళ్ళ పక్కన రెవెన్యూ జాగా పది గుంటలున్నా దాన్నే అడగండి.

కేయూ స్కాలర్ (వరంగల్)

మెకానిక్ సార్ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. కానీ ప్రైవేటు అనగానే దొంగలు అన్నట్టు రాశారు, అది పూర్తిగా ఒప్పుకోలేను. మన ఊళ్ళలో ఎస్టీడీ బూత్‌లు నడిపింది ఎవరు సార్? లైను డిపార్ట్‌మెంటుది, గది, కుర్చీ, రాత్రి పదకొండు దాకా మేలుకునే మనిషి ప్రైవేటు. ప్రతి కాల్ మీద కమీషన్. వికలాంగులకు బూత్‌ల కేటాయింపులో ప్రాధాన్యం ఇచ్చారు. అప్పుడు దాన్ని ఎవరూ పీపీపీ అనలేదు, అయినా అది పనిచేసింది. బూత్ మూసి ఉంటే నష్టపోయేది బూత్ మనిషే కాబట్టి పనిచేసింది. సర్పంచ్ ఇంట్లో డబ్బా మూలపడితే ఎవరి రూపాయీ పోలేదు.

బంగ్లాదేశ్‌లో 1997 నుంచి గ్రామీణ్ వాళ్ళు చేసిందీ అదే. ఆడవాళ్ళు అప్పు మీద సెల్‌ఫోన్ తీసుకుని ఊరివాళ్ళకు నిమిషాల లెక్కన అమ్మారు.

చిలీలో 1994లో ఫండు పెట్టి తిరగేసిన వేలం పెట్టారు. ఈ ఊళ్ళకు ఫోన్ ఇవ్వడానికి తక్కువ సబ్సిడీ ఎవరు అడుగుతారో వాళ్ళకే పని. కొన్ని చోట్ల కంపెనీలు సున్నా సబ్సిడీకి కూడా ముందుకొచ్చాయి. మన యూఎస్ఓ ఫండ్ టెండర్లూ ఆ దారిలోనే నడిచాయి. 2007లో టవర్లు పంచుకునే పథకం కింద ఏడు వేలకు పైగా టవర్లు లేచాయి, ఒక్కో టవర్‌ను మూడు కంపెనీల దాకా వాడుకునేలా. కాబట్టి పద్ధతిలో తప్పు లేదని నా వాదన.

పాత ఫోన్ మెకానిక్

తమ్మీ, బూత్ మాట ఒప్పుకుంటా. మా పక్కింటాయన ఆ బూత్ మీదే ఇద్దరు ఆడపిల్లల పెళ్ళి చేశాడు. కానీ వేలం దగ్గర ఆగు. తక్కువ సబ్సిడీకి పాడినవాడు ఆ తక్కువను ఎక్కడ మిగిలించుకుంటాడు? ఇనుములో మిగిలించుకోలేడు, కొలుస్తారు. సిమెంటులో కొంత. బ్యాటరీలో బాగా. మనిషి జీతంలో ఇంకా బాగా. గోదారొడ్డు పిల్లగాడు చెప్పిన తాళంచెవి కథ వేలంలోనే మొదలైంది. బూత్‌కు రోజూ గిరాకీ ఉండేది, మూసేస్తే నష్టం. నలభై ఇళ్ళ గూడెంలో టవర్ వారం ఆగితే కంపెనీకి పోయేదెంత? డీజిల్ మిగులుతుంది.

కేయూ స్కాలర్

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు సార్. పైగా చట్టంలోనూ ఒక సందు ఉంది. ట్రాయ్ 2024లో కొత్త నాణ్యత నిబంధనలు తెచ్చింది. సేవ 24 గంటలకు మించి ఆగితే వినియోగదారులకు పరిహారం ఇవ్వాలి. కానీ లెక్క జిల్లా స్థాయిలో. అక్కయ్య గూడెంలో ఒక్క టవర్ నెల రోజులు పడుకున్నా జిల్లా ఆగినట్టు కాదు. అందుకని ఊరి స్థాయి షరతు తీర్మానంలోనే పెట్టుకోవాలి. టవర్ నడిచిన రోజులకే నిర్వహణ డబ్బు ఇవ్వాలని, నడిచిందా లేదా అని ఊళ్ళో ఒకరు సంతకం పెట్టాలని.

గుట్టెక్కే డీలరమ్మ

సార్లకు, తమ్ముడికి అందరికీ దండాలు. మేక బతికింది. పెద్దకాక ఆ నంబర్‌కు తనే ఫోన్ చేసి కోయ మాటల్లో పది నిమిషాలు తిట్టాడట, అవతలివాడికి ఒక్క ముక్కా అర్థం కాలేదట.

ఒక అనుమానం. ఊళ్ళో ఒకరు సంతకం పెట్టాలంటే ఆ ఒకరు ఎవరు? సర్పంచ్ అంటే కాంట్రాక్టరు ఆయన్ని బిర్యానీతో కొనేస్తాడు. మా కొత్త సర్పంచ్ మంచివాడే, కానీ బిర్యానీ కూడా మంచిదే కదా.

గోదారొడ్డు పిల్లగాడు

నీ మిషనే సాక్షి అక్కా! ఏ రోజు ఎన్ని గంటలకు ఎన్ని కార్డులు కొట్టావో దాంట్లో ఉంటుంది. అది నెలకు కొన్ని రోజులే కాబట్టి అంగన్‌వాడీ టీచర్‌ను, ఆశమ్మను కూడా కలుపు. వాళ్ళకు రోజూ ఆన్‌లైన్ పని ఉంటుంది, సిగ్నల్ లేకపోతే అందరికన్నా ముందు తిట్టేది వాళ్ళే. ముగ్గురు ఆడవాళ్ళను బిర్యానీతో కొనడం కష్టం.

పాత ఫోన్ మెకానిక్

ఇది బాగుంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఇంత తెలివైన ఆలోచన ఎవరికీ రాలేదు, నాతో సహా. ఒక నోటు పుస్తకం పెట్టండి బిడ్డా. తారీఖు, ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది. టవర్ గేటు మీద సైట్ నంబర్ రాసి ఉంటుంది, దాన్ని పుస్తకం అట్ట మీద రాసుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు ఊరి పేరు చెబితే ఎవరికీ దొరకదు, ఆ నంబర్ చెబితే దొరుకుతుంది.

గుట్టెక్కే డీలరమ్మ

సభ అయింది, ఇందాకే గుట్ట మీదికొచ్చి రాస్తున్నాను.

జాగా బడి పక్కన రెవెన్యూది చూపించాం, హద్దు సర్వేయర్ చూశాడు, అభయారణ్యం బయటే. తీర్మానంలో ఇవి రాయించాం. కాంట్రాక్టరు ఎవరైనా ఊరి మనిషినే పెట్టాలి, జీతం నెలనెలా బ్యాంకులో వేయాలి. మూడు రోజులు ఎండ లేకపోయినా ఆగకుండా బ్యాటరీ ఉండాలి, లేదంటే కరెంటు లైను కూడా ఇవ్వాలి. అన్ని సిమ్ములూ పనిచేయాలి. ఐదేళ్ళ తర్వాత ఎవరు నడుపుతారో రాతపూర్వకంగా చెప్పాలి. టవర్ నడిచిన రోజుల పుస్తకం మీద డీలర్, అంగన్‌వాడీ టీచర్, ఆశ కార్యకర్త ముగ్గురు సంతకం పెడతారు, బిల్లుకు ఆ పుస్తకం కాపీ జత చేయాలి.

సార్ ఇది చదివి, "ఇవన్నీ తీర్మానంలో ఎందుకమ్మా, వట్టి జాగా రాస్తే చాలు" అన్నాడు. అప్పుడు లేచింది నేను కాదు, మా వాడ చివరి ఇంటి అవ్వ. 2023 జులై వానలు గుర్తున్నాయా సారూ అంది. లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడిందని తర్వాత పేపర్లో చూశాం, ఆ వాన. జంపన్న వాగు పొంగి కొండాయిలో మనుషులు కొట్టుకుపోయారు. ఈ అవ్వ చెల్లెలిని అటు దిక్కే ఇచ్చారు. బతికి ఉందో లేదో తెలియడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. అవ్వ ఆ నాలుగు రోజులూ ఈ ఇప్ప చెట్టు కిందే కూర్చుంది, ఫోన్ పట్టుకుని. అది బటన్ ఫోన్. చెల్లెలు బతికే ఉంది.

సార్ ఏమీ అనలేదు. తీర్మానం కాపీ మీద ముట్టినట్టు సంతకం పెట్టి స్టాంపు వేశాడు. అవ్వ అడిగిందని 2జీ కూడా కావాలని చివర్లో ఇరికించాం, లైను వంకరగా వచ్చింది. అది ఇస్తారో లేదో నాకైతే నమ్మకం లేదు.

తమ్ముడూ, మిషన్‌లో బ్యాండ్ 28 ఉందో లేదో ఎక్కడ చూడాలి? వెనక స్టిక్కర్ మీద కనిపించలేదు. ఫోన్ దించుతున్నాను, గాలి లేచింది. జవాబు ఉంటే పెట్టండి, రేపు మళ్ళీ ఎక్కేది ఉంది, ఇంకా నలభై రెండు కార్డులు మిగిలాయి.